కార్తీకంలో గోదారికి పిల్లల్ని తీసుకెళ్తున్నారా?

కార్తీకం దగ్గరపడిందంటే కాలేజీల్లో ఒకటే సందడి. ఉసిరిచెట్టు కింద భోజనాలు, ఆపైన పడవ షికారు, చీకటి పడేలోపు ఇల్లు. నేనూ ఏటా డిగ్రీ పిల్లల్ని ఒకరోజు లంక ఊళ్లకో, పాపికొండల వైపుకో తీసుకెళ్తుంటాను. బయల్దేరే ముందు తల్లిదండ్రులు అడిగేదల్లా బస్సు గురించి, తిండి గురించి. నాకు గుబులు పుట్టేది మాత్రం భోజనాలయ్యాక వచ్చే అరగంటే. పొద్దుట్నించీ వరసలో నడిచిన గుంపు అప్పుడే చెల్లాచెదురవుతుంది. మా లెక్చరర్లకు కునుకు పట్టేదీ అప్పుడే. ఎవడో ఒకడు "చెయ్యి కడుక్కొస్తా సార్" అంటూ రేవులోకి దిగుతాడు.

ముందు నది సంగతి. వానలు వెనకబడ్డాయి కదా అని ధీమా వద్దు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు, భద్రాచలంలో 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. హెచ్చరిక ఉన్న రోజు పడవ ఒక్కటి మానేసి మిగతాది కానిద్దాం అనుకోకండి, ప్రయాణమే వాయిదా వేయండి. హెచ్చరిక లేకపోయినా నీళ్లు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా అన్నది ముందురోజు సాయంత్రం కనుక్కోండి. మన ఊళ్లో ఎండ కాస్తున్నా గోదారి ఉపనదులు ఇంద్రావతి, శబరి మీద వాన పడితే ఆ నీళ్లు ఇక్కడికే వస్తాయి. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది రాళ్ల మీద నిలబడ్డ మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది పోయింది ఎగువన లార్జి డ్యామ్ నుంచి నీళ్లు వదలడం వల్లే. బ్యారేజీ దిగువన ఇసుకలో ఆడేవాళ్లు ఈ మాట మరీ గుర్తుపెట్టుకోవాలి. గేట్లు ఎప్పుడెత్తుతారో మనకెవరూ ఫోన్ చేసి చెప్పరు.

నేను చేసేది చిన్న పని. దిగగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చుతాను. అరగంట పోయాక చూస్తే పుల్ల నీళ్లలోకి వెళ్లిందా, నీళ్ల మీద నురుగు, చెత్తాచెదారం కొత్తగా వస్తోందా, ఇక అన్నం సగంలో ఉన్నా సరే, అందరం గట్టెక్కాల్సిందే. పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఇసుక తిన్నె చూడ్డానికి నేల లాగే ఉంటుంది, కానీ దాని అంచు నమ్మదగ్గది కాదు. పైన గట్టిగా ఉన్నా కింద నీళ్లు కోసేసి ఉంటాయి, నలుగురు కలిసి నిలబడితే పెళ్ల విరిగి జారుతుంది. ఇసుక తవ్విన చోట మరీ ఘోరం. మోకాలి లోతు అనుకుంటూ వేసిన అడుగు తర్వాతి అడుగే నిలువు లోతు. ఆ గుంతలు పైనుంచి కనపడవు, ఊళ్లో చేపలు పట్టేవాళ్లకు మాత్రం తెలుసు. వెళ్లగానే వాళ్లలో ఒకరిని పిలిచి "అన్నా, ఇక్కడ ఎక్కడ దిగకూడదు?" అని అడగండి. ఎక్కడ దిగొచ్చు అని అడిగితే మొహమాటానికి ఏదో ఒకచోటు చూపిస్తారు.

పడవ మాటకొస్తే, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిన రోజు గోదావరిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ఉంది. కొండల మధ్య నది ఇరుకై వంపు తిరిగే చోటది, సుడులు ఎక్కువ. అంతకు రెండేళ్ల ముందు, 2017 నవంబరు 12న, కార్తీక ఆదివారం నాడే, విజయవాడ దగ్గర కృష్ణలో పవిత్ర సంగమం వద్ద అనుమతి లేని పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. కాబట్టి ఎక్కే ముందు అనుమతి కాగితం, ఎంతమందికి అనుమతో అడగండి. సరంగు చిరాకు పడితే పడనివ్వండి. లైఫ్ జాకెట్ తొడుక్కుని బకిల్స్ అన్నీ బిగిస్తేనే తొడుక్కున్నట్టు. ఒళ్లో పెట్టుకుంటే దిండుకీ దానికీ తేడా లేదు. సెల్ఫీ కోసమో, కొంగలు కనపడ్డాయనో అందరూ ఒకే పక్కకి ఉరకడం ఎంత ప్రమాదమో ఎక్కే ముందే చెప్పండి. నీళ్ల మధ్యలో అరిస్తే ఎవరికీ వినపడదు.

పిల్లల్ని జోడీలుగా విడగొట్టండి. "నీ జోడీ ఎక్కడ?" అంటే ఠక్కున చెప్పగలగాలి. దిగేటప్పుడు, తినే ముందు, తిన్నాక, బస్సెక్కాక లెక్కపెట్టండి. పేరు పిలిస్తే పక్కవాడు కూడా "ప్రెజెంట్" అనేస్తాడు, అందుకే మొహం చూసి లెక్కపెట్టడం మేలు.

బస్సులో ఒక పొడుగాటి తాడు, మూత బిగించిన 20 లీటర్ల ఖాళీ వాటర్ టిన్ను ఉంచుకోండి. టిన్ను పిడికి తాడు కట్టి విసిరితే మునిగేవాడికి పట్టు దొరుకుతుంది. తాడు లేకపోతే చీర, చున్నీ, వెదురుగడ ఏదైనా సరే. ఈత వచ్చు కదా అని దూకొద్దు. మునిగేవాడు మెడ పట్టుకుంటే గజ ఈతగాడూ మునుగుతాడు. ఒకడి కోసం ఒకడు దిగి ముగ్గురు నలుగురు పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

బయటికి తీశాక తలకిందులుగా ఊపడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం చెయ్యకండి. ఊపిరి ఆడకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊదాలి, ఆ తర్వాత 30 సార్లు ఛాతీ మధ్య నొక్కుడు, రెండు ఊపిర్లు, మళ్లీ 30, ఇలా 108 అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. లేచి కూర్చుని మాట్లాడుతున్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే, ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోతే గంటల తర్వాత కూడా ఆయాసం ముదురుతుంది. కొండల మధ్య సిగ్నల్ ఉండదు గనక, ఫోన్ పనిచేసిన చివరి చోటు ఎక్కడో వెళ్లేటప్పుడే గుర్తుపెట్టుకోమని డ్రైవరుకి చెప్పండి.