రెండు రంగుల ఊలు మఫ్లర్ అల్లడం ఎలా? దారం కొసలే కుచ్చులుగా మారే పద్ధతి

క్రోషె (చివర కొక్కెం ఉన్న ఒకే సూదితో అల్లే అల్లిక) నేర్చుకుంటున్నవాళ్లు రెండు రంగులు అనగానే వెనకాడేది అల్లిక కష్టమని కాదు. రంగు మార్చిన ప్రతిసారీ ఓ కొస వేలాడుతుంది, చివర్లో కూర్చుని వాటన్నిటినీ ఒక్కొక్కటిగా సూదితో లోపలికి దోపాలి, ఆ పనికి ఓపిక లేక ఎన్నో మఫ్లర్లు బీరువాలో సగంలోనే ఆగిపోతాయి. అందుకే మొదటిసారి రెండు రంగులతో అల్లేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: మఫ్లర్‌ని పొడవునా అల్లండి, ప్రతి వరసకీ రంగు మార్చండి, కొసల్ని రెండు పక్కలా వదిలేయండి. చీర కొంగుకి కట్టుకునే కుచ్చుల్లాగే అవి మఫ్లర్‌కి కుచ్చులైపోతాయి, దోపడం అనే పనే ఉండదు.

ముందు ఊలు. మధ్యరకం మందం ఉన్న యాక్రిలిక్ ఊలు ఒక్కో రంగు 100 గ్రాములు తీసుకోండి, కాస్త మిగులుతుంది కూడా. క్రోషె సూది 5 మి.మీ.ది కావాలి. నరసాపురం, పాలకొల్లు వైపు వాళ్ల ఇళ్లలో లేసు అల్లే సన్నటి స్టీలు సూదులు ఉంటాయి కదా (ఆ లేసుకే 2024లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది), అవి సన్నటి నూలు దారానికి పనికొస్తాయి కానీ ఊలుకి కుదరవు, దారం చీలిపోతుంది.

రంగుల విషయంలో తొందరపడకండి. ఈ అల్లికలో ఒక రంగు చుక్కలు ఇంకో రంగు మధ్యలోంచి కనిపిస్తూ నేత గుడ్డలా వస్తుంది, కాబట్టి ఒకటి ముదురు, ఒకటి లేత అయితేనే డిజైన్ తేలుతుంది. ఎరుపు, ఆకుపచ్చ విడివిడిగా ఎంత బాగున్నా రెండూ ఒకే ముదురుగా ఉంటే కలిసిపోయి మట్టిరంగులా కనిపిస్తాయి. షాపులోనే రెండు ఉండలూ పక్కపక్కన పెట్టి ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి చూడండి, రెండూ ఒకేలా కనిపిస్తే ఒకటి మార్చేయండి. నేవీ బ్లూతో మీగడ రంగు, మెరూన్‌తో లేత బూడిద రంగు ఎప్పుడూ మోసం చెయ్యవు.

తెలియాల్సిన కుట్లు రెండే: గొలుసు, సింగిల్ క్రోషె. సూదికి దారం చుట్టి, సూది మీదున్న ఉచ్చులోంచి లాగితే ఒక గొలుసు. సింగిల్ క్రోషెకి కింది కుట్టులో సూది గుచ్చి దారం లాగితే సూది మీద రెండు ఉచ్చులు ఉంటాయి, మళ్లీ దారం చుట్టి ఆ రెండింట్లోంచీ ఒకేసారి లాగితే సింగిల్ క్రోషె అయింది. వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, అమెరికా వాళ్లు సింగిల్ క్రోషె అనేదాన్నే బ్రిటన్ వాళ్లు డబుల్ క్రోషె అంటారు. ఈ డిజైన్‌ని మాస్ స్టిచ్ అని, లినెన్ స్టిచ్ అని రెండు పేర్లతోనూ పిలుస్తారు.

గొలుసు

మొదటి రంగుతో 15 సెం.మీ. కొస వదిలి 240 గొలుసులు వెయ్యండి. చేతి బిగువుని బట్టి సుమారు 150 సెం.మీ. పొడవు వస్తుంది. ఎక్కువ తక్కువలు చేసుకోవచ్చు కానీ సరిసంఖ్యే ఉండాలి. ప్రతి 20 గొలుసులకీ వేరే రంగు దారం ముక్క ఒకటి తగిలించండి, మధ్యలో ఎవరైనా పిలిచినా లెక్క పోదు. గొలుసు బిగుతుగా వేసే అలవాటు ఉంటే దీనికి మాత్రం 6 మి.మీ. సూది వాడండి, లేకపోతే ఆ అంచు ముడుచుకుపోయి మఫ్లర్ విల్లులా వంగుతుంది, ఎంత ఉతికినా సర్దుకోదు.

మొదటి వరస

సూది మీదున్న ఉచ్చుని లెక్కలోకి తీసుకోకుండా, సూది నుంచి నాలుగో గొలుసులో ఒక సింగిల్ క్రోషె. తర్వాత ఒక గొలుసు వేసి, కింద ఒక గొలుసు వదిలేసి దాని పక్కదాంట్లో సింగిల్ క్రోషె. ఇలాగే చివరిదాకా. మొత్తం 119 సింగిల్ క్రోషెలు రావాలి. 15 సెం.మీ. వదిలి దారం కత్తిరించి, ఆ కొసని చివరి ఉచ్చులోంచి పూర్తిగా బయటికి లాగి బిగించండి.

రెండో వరస, ఆ తర్వాతవన్నీ

అల్లికని తిప్పండి. ఇప్పుడే ముగించిన చివరి కుట్టులో సూది గుచ్చి, 15 సెం.మీ. కొస వదిలి రెండో రంగుని లాగి రెండు గొలుసులు వెయ్యండి. పాత కొసని, కొత్త కొసని కలిపి ఒక ముడి వేసేస్తే ఇక జారదు. ఇక్కణ్నుంచి కుట్ల తలల మీద సూది గుచ్చే పని లేదు, కింది వరసలో గొలుసు వేసినచోట కనిపించే సందులోనే సింగిల్ క్రోషె వెయ్యాలి. సందులో సింగిల్ క్రోషె, ఒక గొలుసు, పక్క సందులో సింగిల్ క్రోషె, అంతే. చేతికి ఒక్కసారి పట్టుబడిందంటే టీవీ చూస్తూ కూడా అల్లుకోవచ్చు.

జాగ్రత్తగా చూడాల్సింది వరస చివర. అక్కడ కింది వరస మొదట్లో వేసిన గొలుసుల దగ్గర ఒక సందు ఉంటుంది (మొదటి వరసలో అయితే మనం వదిలేసిన మూడు గొలుసుల సందు). అది అంచుకి అతుక్కుపోయి కనిపించీ కనిపించనట్టు ఉంటుంది, వేలితో కొంచెం ఎడం చేసి చూస్తే తెలుస్తుంది. చివరి సింగిల్ క్రోషె దాంట్లోకే వెళ్లాలి. దాన్ని వదిలేస్తే ఒక్కో వరసకీ ఒక్కో కుట్టు తగ్గిపోయి అంచులు ఏటవాలుగా వస్తాయి. మొదటి నాలుగైదు వరసలకి 119 లెక్క చూసుకోండి, తర్వాత కంటికే తెలిసిపోతుంది.

ఇలా రంగులు మార్చుకుంటూ 25 వరసలు అల్లితే సుమారు 15 సెం.మీ. వెడల్పు వస్తుంది. బేసి సంఖ్య ఎందుకంటే మొదలుపెట్టిన రంగుతోనే ముగిసి రెండు అంచులూ ఒకేలా ఉంటాయి. మూడు నాలుగు వరసలు అయ్యేదాకా డిజైన్ ఏమీ కనిపించదు, టెన్షన్ పడి విప్పేయకండి.

కుచ్చులు

కొసల్ని నాలుగేసి చొప్పున కలిపి అంచు దగ్గర ముడి వెయ్యండి. గొలుసు మొదలైన కొస, మొదటి వరస ముగిసిన కొస రెండూ ఒకే పక్కకి వస్తాయి కాబట్టి రెండో పక్క మూల కొంచెం ఖాళీగా కనిపిస్తుంది. 30 సెం.మీ. ఊలు ముక్కని సగానికి మడిచి, అంచులోంచి సూదితో మడత భాగాన్ని లాగి, కొసల్ని ఆ మడతలోంచి దూర్చి బిగిస్తే సరిపోతుంది. కుచ్చులు ఒత్తుగా కావాలంటే రెండు పక్కలా ఇలాగే ఇంకొన్ని కట్టుకోండి. చివర్లో అన్నిటినీ పొడవు సమానంగా కత్తిరించండి.

గోరువెచ్చటి నీళ్లలో ముంచి, పిండకుండా టవల్‌లో చుట్టి నొక్కి, నేల మీద పరిచి ఆరేయండి. ఇస్త్రీ పెట్టె మాత్రం ఆనించొద్దు, యాక్రిలిక్ వేడికి చదునైపోయి మళ్లీ లేవదు.

ఇదే అల్లికతో చంటిపిల్లల దుప్పటి చేసేవాళ్లు కుచ్చులు పెట్టకండి. పిల్లలు నోట్లో పెట్టుకుంటారు, వేళ్లకి చుట్టుకుంటాయి. దుప్పటికి 130 గొలుసులతో మొదలుపెట్టి రంగుకి రెండేసి వరసలు అల్లండి. రెండో వరస ముగిసేసరికి రెండు ఉండలూ ఒకే పక్కన ఉంటాయి కాబట్టి కత్తిరించక్కర్లేదు. చివరి సింగిల్ క్రోషెలో సూది మీద రెండు ఉచ్చులు ఉన్నప్పుడు కొత్త రంగు లాగి, పాత దారాన్ని అంచు వెంట వదులుగా పైకి తీసుకెళ్లండి. బిగించి లాగితే ఆ అంచు ముడతలు పడుతుంది.