మిద్దె మీద మట్టి పాఠాలు – 4: యూరియా పోస్తే సూక్ష్మజీవులు ఏమవుతాయి

పోయిన పాఠంలో మీచేత రెండు కుండీల్లో బొబ్బర్లు విత్తించాను కదా. ఒకదానికి ఉత్త నీళ్లు, రెండోదానికి పదో రోజు నుంచి వారానికోసారి లీటరు నీళ్లలో పావు చెంచా యూరియా. 40 రోజులు దాటితే ఇక వేర్లు చూడొచ్చు. అలాగని మొక్కను పట్టి లాగేయకండి, వేరు బుడిపెలు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. కుండీని పక్కకు వంచి, మట్టిగడ్డతో సహా బకెట్ నీళ్లలో నానబెట్టి మెల్లగా జాడించండి.

పైన యూరియా మొక్కే నిగనిగలాడుతూ ఉంటుంది, దాన్ని చూసి మురిసిపోకండి. వేర్లు చూడండి. ఉత్త నీళ్ల మొక్కకు వేరు పక్కన అంటించినట్టు గుండ్రటి బుడిపెలు ఉంటాయి, వేలితో తోస్తే ఊడొస్తాయి (ఊడకుండా వేరే ఉబ్బినట్టుంటే అది నులిపురుగు పని, లెక్కలోకి తీసుకోకండి). ఒకదాన్ని బ్లేడుతో కోస్తే లోపల గులాబీ రంగు కనిపించాలి. అది లెగ్‌హీమోగ్లోబిన్ అనే ప్రోటీన్ రంగు, అది కనిపించిందంటే లోపలి బాక్టీరియా గాల్లోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తోందన్నమాట. యూరియా మొక్కకు బుడిపెలు తక్కువ, ఉన్నవీ చిన్నవి, కోస్తే చాలావరకు తెల్లగానో పచ్చగానో ఉంటాయి. యూరియా వాటిని చంపేసిందని చాలామంది అంటారు కానీ నాకైతే ఆ మాట సగమే నిజం అనిపిస్తుంది. యూరియా నుంచి వచ్చే నైట్రేట్ రూపంలో నత్రజని ఊరికే దొరుకుతుంటే మొక్క తన చక్కెర ఖర్చుపెట్టి బాక్టీరియాను ఎందుకు మేపుతుంది? వేర్లను అంటుకుని బతికే మైకోరైజా శిలీంధ్రాలకూ చాలాసార్లు ఇదే గతి.

మిగతా మట్టిలో మాత్రం కొన్ని సూక్ష్మజీవులకు పండగే. యూరియాలో 46 శాతం నత్రజని. అది ముందు అమ్మోనియం అవుతుంది, దాన్ని నైట్రోసోమోనాస్ లాంటివి నైట్రైట్ చేస్తాయి, ఇంకొన్ని నైట్రేట్ చేస్తాయి, ఈ దారిలో ఆమ్లం పుడుతుంది. ఏళ్ల తరబడి జరిగే అసలు నష్టం చాలావరకు ఈ ఆమ్లం వల్లే. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1856 నుంచి నడుస్తున్న గడ్డి ప్రయోగంలో సున్నం వేయకుండా అమ్మోనియం సల్ఫేట్ ఎరువు వేసిన మడుల్లో ఆమ్లం బాగా పెరిగి, కుళ్లబెట్టే జీవులు సరిగా పనిచేయక, ఎండుగడ్డి పైన చాపలా పేరుకుంది. నత్రజనినే సోడియం నైట్రేట్ రూపంలో వేసిన మడులకు ఆ గతి పట్టలేదు.

మన దగ్గర పటాన్‌చెరు వైపు నల్లరేగడిలో సున్నం ఉంటుంది కాబట్టి ఆమ్లాన్ని చాలాకాలం తట్టుకుంటుంది, నర్సరీల్లో అమ్మే ఎర్రమట్టికి అంత ఓపిక లేదు. అయితే హైదరాబాద్ బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా, సున్నంతో ఉంటాయి, అవి పోసేవాళ్లకు తేడా ఆలస్యంగా తెలుస్తుంది.

రెండు కుండీల మట్టినీ పారబోయకండి. విడివిడిగా సంచుల్లో కట్టి, పేర్లు రాసి నీడలో పెట్టండి. వచ్చేసారికి పీహెచ్ పట్టీలు (మట్టిలో ఆమ్లం ఎంతుందో రంగుతో చూపే కాగితాలు), ఆర్‌ఓ నీళ్లు కావాలి.