ఫ్రాంచైజీ ఒప్పందం రాయడం: 6వ పాఠం – వివాద పరిష్కార నిబంధన, మరోసారి

ఈసారి రాయల్టీ లెక్కలు చెబుతానని మాట ఇచ్చాను గాని, మీరు రాసి పంపినవి చదివాక ఆ పాఠాన్ని వాయిదా వేయక తప్పలేదు. హైదరాబాద్ కంపెనీ నుంచి విజయవాడ వ్యక్తి బిర్యానీ హోటల్ ఫ్రాంచైజీ తీసుకున్నాడనుకుని నిబంధన రాయమంటే, ఎక్కువమంది 'వివాదం వస్తే మధ్యవర్తి ద్వారా పరిష్కరించుకోవచ్చు' అని ముగించారు. అందులో రెండు లోపాలున్నాయి. మొదటిదానికి బాధ్యత నాదే.

ఐదో పాఠంలో ఆర్బిట్రేషన్‌నూ మీడియేషన్‌నూ మధ్యవర్తిత్వమనే రాశాను. మీడియేటర్ ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి రాజీకి ప్రయత్నిస్తాడే తప్ప తీర్పు చెప్పడు. ఆర్బిట్రేటర్ ఇచ్చే అవార్డు, అంటే అతని తీర్పు, మాత్రం ఓడినవారికి నచ్చకపోయినా కోర్టు డిక్రీలాగే అమలవుతుంది. 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టంలోని 34వ సెక్షన్ చెప్పిన కొద్దిపాటి కారణాలపైనే దాన్ని రద్దు చేయించగలం. అందువల్ల ఒప్పందాన్ని తెలుగులో రాసినా ఈ రెండు మాటలనూ అలాగే ఉంచండి.

రెండో లోపం 'వచ్చు'. ఇది ఎన్నిసార్లు చెప్పినా తిరిగి వస్తూనే ఉంది. జగదీశ్ చందర్ కేసులోని భాగస్వామ్య పత్రంలో, పక్షాలు అలా నిర్ణయించుకుంటే వివాదాన్ని ఆర్బిట్రేషన్‌కు పంపాలని ఉంది. 2007లో సుప్రీంకోర్టు దాన్ని ఆర్బిట్రేషన్ ఒప్పందంగా అంగీకరించలేదు, ఎందుకంటే వివాదం పుట్టాక ఇద్దరూ మళ్లీ ఒప్పుకుంటే గాని అది కదలదు. అక్కడ 'పంపాలి' అని ఉన్నా, ముందున్న 'నిర్ణయించుకుంటే' దాన్ని నీరుగార్చింది. మూడు నెలల రాయల్టీ ఎగ్గొట్టిన మనిషిని ఆర్బిట్రేషన్‌కు వస్తారా అని అడిగితే వస్తానంటాడా? 'అవసరమైతే', 'ఉభయుల సమ్మతితో', 'వీలును బట్టి' అన్నవీ ఇదే కోవలోవి. ముసాయిదా పూర్తయ్యాక ఈ ఒక్క నిబంధనలో 'వచ్చు', 'ఐతే' కనిపించిన ప్రతిచోటా ఎర్ర పెన్నుతో గీయడం నా అలవాటు. గీతల్లో సగం చివరకు కొట్టివేతలే అవుతాయి.

మిగిలినవి త్వరగా చెబుతాను. ఏకైక ఆర్బిట్రేటర్‌ను కంపెనీ ఎండీయే నియమిస్తాడని రాయకండి. వివాద ఫలితంలో ఆసక్తి ఉన్నవారికి ఆ అధికారం ఉండరాదని సుప్రీంకోర్టు పెర్కిన్స్ కేసులో 2019లోనే తేల్చేసింది. ముగ్గురు ఆర్బిట్రేటర్లు నాకు నచ్చరు, ఒక్క హోటల్ మీద బతికేవారు ఆ ఫీజులు భరించలేరు. 'సీట్', అంటే ఏ ఊరి కోర్టులకు ఆ ఆర్బిట్రేషన్‌పై అధికారం ఉంటుందో ఆ ఊరు, ఏదో స్పష్టంగా రాయండి. 2017 నాటి ఇండస్ మొబైల్ కేసులో, ముంబైని సీట్‌గా ఎంచుకున్నాక లావాదేవీ అక్కడ జరగకపోయినా ముంబై కోర్టులకే అధికారమని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి విచారణ విజయవాడలో జరిగినా, సీట్ హైదరాబాద్ అయితే కోర్టు పని కోసం హైదరాబాద్‌కే వెళ్లాలి. ఫ్రాంచైజీ రద్దయ్యాక కూడా పాత బోర్డు కింద బిర్యానీ అమ్ముతుంటే, కంపెనీ అదే చట్టంలోని 9వ సెక్షన్ కింద కోర్టు నుంచి మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకోగలదు. ఆర్బిట్రేషన్ మొదలుకాకముందే అలా తెచ్చుకుంటే, ఆ తేదీ నుంచి 90 రోజుల్లో ఆర్బిట్రేషన్ ప్రారంభించాలి.

అభ్యాసం: అదే నిబంధనను నాలుగు వాక్యాలు మించకుండా మళ్లీ రాయండి. రెండు రోజులు పక్కన పెట్టి, బాకీ ఎగ్గొట్టదలచిన ఫ్రాంచైజీదారు స్థానంలో కూర్చుని, ఆ నిబంధన నుంచి తప్పించుకుంటూ కంపెనీకి ఒక జవాబు లేఖ రాయండి. లేఖ రాయడం తేలికైతే నిబంధనను మొదటి నుంచి రాసి, రెండూ కలిపి పంపండి.