రాయబార కార్యాలయం నుంచి క్లాసుకి: మొదటి సెమిస్టర్ ఎలా నడపాలి

ముప్పై ఏళ్లు విదేశాంగ శాఖలో పనిచేసి, ఇప్పుడు ఎం.ఏ. పిల్లలకి దౌత్యం పాఠం చెబుతున్నాను. నాలాగే రిటైరై యూనివర్సిటీకి వెళ్లబోయే మిత్రులు "ఏం ప్రిపేర్ అవ్వాలి?" అని ఫోన్ చేస్తుంటారు. వాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

పీహెచ్‌డీ లేదని టెన్షన్ పడకండి. 2022లో యూజీసీ తెచ్చిన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ పద్ధతిలో కనీసం 15 ఏళ్ల అనుభవం చూస్తారు, డిగ్రీలు తప్పనిసరి కాదు. పర్మనెంట్ ఉద్యోగం మాత్రం కాదు.

మొదటి క్లాసుకి అనుభవాలు మూటగట్టుకుని వెళ్లకండి. నేను అలాగే వెళ్లాను. గంటసేపు చెప్పాను, పిల్లలు శ్రద్ధగానే విన్నారు. చివర్లో ముందు బెంచీలో అమ్మాయి "సార్, నోట్స్‌లో ఏం రాసుకోవాలి?" అని అడిగింది. తన నోట్‌బుక్‌లో ఆ రోజు తేదీ ఒక్కటే ఉంది. ఆ రాత్రే పద్ధతి మార్చాను. అప్పటి నుంచి క్లాసుకి ఒకే కాగితం తీసుకెళ్తాను.

నేను మొదట ఇచ్చేది ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 242వ తీర్మానం. ఇజ్రాయెల్‌కీ ఈజిప్టు, జోర్డాన్, సిరియాలకీ మధ్య ఆరు రోజుల యుద్ధం జరిగిన ఏడాదే, 1967 నవంబర్ 22న ఏకగ్రీవంగా ఆమోదించారు. ఆక్రమించిన ప్రాంతాల నుంచి ఇజ్రాయెల్ సేనలు వెనక్కి వెళ్లాలన్నది అందులో కీలకమైన మాట. ఇంగ్లీషు ప్రతిలో ‘టెరిటరీస్’ ముందు ‘ది’ లేదు. ఫ్రెంచిలో ‘దే తెరితువార్’ అని ఉంది, అంటే ‘ఆ ప్రాంతాల నుంచి’ అని చదువుకోవచ్చు. అన్నిటి నుంచీ వెళ్లాలా, కొన్నిటి నుంచి వెళితే చాలా అన్న వాదన అక్కడే పుట్టింది.

ఈ వాక్యాన్ని పది నిమిషాల్లో తెలుగులో రాయమనండి. మనకి ‘ది’ లేదు కదా, పిల్లలు అక్కడే ఆగిపోతారు. కొందరు ‘ప్రాంతాల నుంచి’ అని, కొందరు ‘ఆ ప్రాంతాల నుంచి’ అని, ఎవరో ఒకరు ‘ప్రాంతాలన్నిటి నుంచీ’ అని రాస్తారు. మూడూ బోర్డు మీద పక్కపక్కన రాసి, ఇజ్రాయెల్ దేనికి ఒప్పుకుంటుంది, ఈజిప్టు దేనికి ఒప్పుకుంటుంది అని అడగండి. కాసేపు మీరు మాట్లాడకండి. వాళ్లనే వాదించుకోనివ్వండి.

ఆ తర్వాత మన దేశం ఏం చేసిందో చెప్పండి. అప్పుడు భారత్ మండలిలో సభ్యదేశం. మన ప్రతినిధి జి. పార్థసారథి, అన్ని ప్రాంతాల నుంచీ వైదొలగాలన్నదే ఈ తీర్మానానికి తాము తీసుకుంటున్న అర్థమని ఓటింగుకి ముందే సభలో చెప్పారు. పదం మార్చలేనప్పుడు మన అర్థాన్ని రికార్డుకి ఎక్కించడం ఎలాగో పిల్లలకి చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆయనే 1969లో జేఎన్‌యూకి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు.

తర్వాతి వారాల్లో క్లాసుని రెండు బృందాలుగా విడదీసి ఒక పేరా రాయించండి. ఒప్పుదల కుదరని మాటల్ని చదరపు బ్రాకెట్లలో పెట్టించండి, నిజం చర్చల్లోనూ అంతే చేస్తాం. గంట అయ్యేసరికి ఎన్ని బ్రాకెట్లు తీసేయగలిగారో చూడండి. ఇంటికి ఒక పేజీ కేబుల్ (రాయబార కార్యాలయం తన ప్రభుత్వానికి పంపే నివేదిక) రాయమనండి: మొదటి వాక్యంలో ఏం తేలిందో, తర్వాత ఎవరేమన్నారో, చివర తమ సలహా.

రహస్యాల గురించి అడుగుతారు. అధికార రహస్యాల చట్టం రిటైరైనా మనల్ని వదలదు. "అది చెప్పలేను" అని నేరుగా చెప్పండి, అచ్చయిన పత్రాలే వాడండి.

దిద్దిన పేపర్లు తర్వాతి క్లాసుకే ఇచ్చేయండి. ఆలస్యమైతే ఏ పదం కోసం అంత గట్టిగా పట్టుబట్టారో వాళ్లకే గుర్తుండదు.