పాచికల బేస్‌బాల్ – 4: ఎవరిని ఏ నంబర్‌లో దింపాలి?

గత పాఠంతో డ్రాఫ్ట్ (వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకోవడం) పూర్తయింది. ఇప్పుడు మీ చేతిలో పాతిక మంది ఆటగాళ్ల కార్డులున్నాయి. ఈ వారం అందులోంచి తొమ్మిది మందిని తీసి వరుసలో పెడదాం. హైదరాబాద్‌లో మనం ఆదివారాలు కూర్చుని ఆడేది స్ట్రాట్-ఓ-మాటిక్ (అసలు ఆటగాళ్ల సీజన్ అంకెలతో తయారైన కార్డులు, పాచికలతో ఆడే బేస్‌బాల్) కాబట్టి ఉదాహరణలు ఆ కార్డులకు తగ్గట్టే ఇస్తున్నాను. కంప్యూటర్‌లో అవుట్ ఆఫ్ ది పార్క్ అనే బేస్‌బాల్ గేమ్ ఆడేవాళ్లకు కూడా లెక్క ఇదే.

ముందు ఒక క్రికెట్ అలవాటు పక్కన పెట్టాలి. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్‌లు చూస్తూ పెరిగిన మనకు బ్యాటింగ్ ఆర్డర్ అంటే ఓపెనర్లు కొత్త బంతిని కాచుకోవడం, మిడిలార్డర్ నిలబెట్టడం, చివర్లో టెయిలెండర్లు. అవుటైనవాడు ప్యాడ్లు విప్పేస్తాడు, మళ్లీ రాడు. బేస్‌బాల్‌లో అవుటైనవాడు మళ్లీ వస్తాడు. తొమ్మిదో బ్యాటర్ అయిపోగానే మొదటివాడే దిగుతాడు. ఒక ఇన్నింగ్స్ ఏడో బ్యాటర్‌తో ఆగిపోతే, తర్వాతి ఇన్నింగ్స్‌ను ఎనిమిదోవాడు మొదలుపెడతాడు. అంటే ఇక్కడ బ్యాటర్లు అయిపోరు. అయిపోయేవి అవుట్‌లు. ఇన్నింగ్స్‌కు 3 చొప్పున 9 ఇన్నింగ్స్‌కు 27 అవుట్‌లు, అంతే. లైనప్ రాసేటప్పుడు 'ఎవడు బాగా కొడతాడు' అన్న ప్రశ్న కన్నా ముందు 'ఎవడు తక్కువ అవుట్‌లు పారేస్తాడు' అన్నది అడగాలి.

దానికి కొలత ఆన్‌బేస్ శాతం. హిట్ కొట్టినా, పిచర్ (బంతి వేసేవాడు) నాలుగు చెడ్డ బంతులు, అంటే 'బాల్స్', వేయడంతో వాక్ దొరికినా, బంతి ఒంటికి తగిలినా బ్యాటర్ బేస్ మీదకు చేరతాడు. బేస్‌లన్నీ చుట్టి వస్తే ఒక పరుగు. నూరుసార్లు దిగితే ఎన్నిసార్లు అలా చేరాడో ఆ శాతం చెబుతుంది; రాసేటప్పుడు మాత్రం దశాంశంలో రాస్తారు, 0.300 అంటే నూటికి 30. హిట్‌లను మాత్రమే చూసే బ్యాటింగ్ యావరేజ్ వాక్‌లను లెక్కలోకే తీసుకోదు. అందుకే కొత్తవాళ్లు యావరేజ్ చూసి మోసపోతారు.

ఇక వరుసలో ముందుంటే ఎంత లాభమో చూద్దాం. మ్యాచ్‌లో ఆఖరి అవుట్ ఏ నంబర్ బ్యాటర్ దగ్గరైనా పడొచ్చు. స్థూలంగా తొమ్మిదింటికీ సమాన అవకాశం అనుకుంటే, పక్క స్థానం కన్నా ఒక మెట్టు ముందున్నవాడికి తొమ్మిది మ్యాచ్‌లకు ఒక ఛాన్స్ (బ్యాటింగ్‌కు దిగే వంతు) ఎక్కువ వస్తుంది. అమెరికా మేజర్ లీగ్‌లో సీజన్ 162 మ్యాచ్‌లు కాబట్టి మెట్టుకు 18 ఛాన్స్‌ల తేడా. మన లీగ్‌లో 54 మ్యాచ్‌లు, మెట్టుకు 6. మొదటివాడికీ తొమ్మిదోవాడికీ మధ్య 48. మీ జట్టులో అందరికన్నా బలహీనమైన బ్యాటర్‌ను ఒకటో నంబర్‌లో పెడితే ఆ 48 ఛాన్స్‌లు మీ చేత్తో మీరే వృథా చేసినట్టు.

'ఒకటో నంబర్‌కి స్పీడ్ కావాలి కదా' అంటారు. ఇది బాగా పాతుకుపోయిన నమ్మకం కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. రెండు కార్డులు పక్కపక్కన పెట్టండి. ఒకటి 1986 నాటి విన్స్ కోల్‌మన్, సెయింట్ లూయిస్ కార్డినల్స్. ఆ ఏడాది అతను 107 బేస్‌లు స్టీల్ చేశాడు (బ్యాటర్ కొట్టకుండానే తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరడం), పట్టుబడింది 14 సార్లే. స్టీల్ ప్రయత్నాల్లో సుమారు 70–75 శాతం గెలిస్తేనే జట్టుకు లాభం అని లెక్క. కోల్‌మన్ దానికి చాలా పైన ఉన్నాడు, పరుగులో అతన్ని తప్పుబట్టడానికేమీ లేదు. కానీ యావరేజ్ 0.232, ఆన్‌బేస్ 0.301. చేసిన పరుగులు 94.

రెండోది 1988 నాటి వేడ్ బాగ్స్, బాస్టన్ రెడ్ సాక్స్. ఆ ఏడాదంతా అతను స్టీల్ చేసింది 2 బేస్‌లు. యావరేజ్ 0.366, 125 వాక్‌లతో కలిపి ఆన్‌బేస్ 0.476. పరుగులు 128, అమెరికన్ లీగ్‌లో ఆ ఏడాది అందరికన్నా ఎక్కువ. వెనక వచ్చే బ్యాటర్ల బలం కూడా పరుగుల్లో కలిసి ఉంటుంది, నిజమే. అయినా 107 స్టీల్స్ ఉన్నవాడి కన్నా 2 స్టీల్స్ ఉన్నవాడు 34 పరుగులు ఎక్కువ చేశాడంటే మొదటి కారణం ఒకటే: అతను బేస్ మీద ఉన్నాడు. మొదటి బేస్‌ను ఎవరూ స్టీల్ చేయలేరు. రెండూ ఉన్నవాడు కావాలంటే 1990 నాటి రికీ హెండర్సన్ కార్డు ఉంది: ఆన్‌బేస్ 0.439, 65 స్టీల్స్, 28 హోమ్ రన్స్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి). అది ఎదుటివాడి చేతిలో ఉంటే మార్పిడికి మంచి బేరం పెట్టండి. నేనైతే ఇద్దరు పిచర్లను ఇచ్చైనా తెచ్చుకుంటాను.

ఒకటో నంబర్ తేలింది. రెండో నంబర్‌లో మీ జట్టు మొత్తానికీ మంచి బ్యాటర్‌ను పెట్టండి. ఆన్‌బేస్‌తో పాటు స్లగ్గింగ్ (ఎన్ని బేస్‌ల హిట్‌లు కొడతాడో చెప్పే కొలత, అంటే కొట్టే బలం) కూడా ఉన్నవాడిని. పాత పద్ధతిలో ఆ స్థానం మూడోది. కానీ మొదటి ఇన్నింగ్స్‌లో మూడోవాడు చాలాసార్లు రెండు అవుట్‌లు పడి, బేస్‌లు ఖాళీగా ఉన్నప్పుడు దిగుతాడు. రన్నర్లు లేనప్పుడు అతని బలం సగం వృథా. హోమ్ రన్స్ కొట్టేవాడిని నాలుగులో, ఆ తర్వాతి మంచివాళ్లను మూడు, ఐదుల్లో పెట్టండి. ఆరు నుంచి తొమ్మిది దాకా మంచి నుంచి తక్కువకు దిగుతూ పోతే చాలు, అక్కడ తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. మేజర్ లీగ్‌లోనూ ఆలోచన మారింది. 2024లో 54 హోమ్ రన్స్ కొట్టిన షోహే ఒటానీని అతని జట్టు డాడ్జర్స్ సీజన్‌లో చాలా భాగం ఒకటో నంబర్‌లోనే దింపింది.

ఇప్పుడు కుడి–ఎడమల సంగతి. ఎడమచేతి బ్యాటర్లు సాధారణంగా కుడిచేతి పిచర్లను బాగా కొడతారు, కుడిచేతి బ్యాటర్లు ఎడమచేతి పిచర్లను. స్ట్రాట్-ఓ-మాటిక్ అడ్వాన్స్‌డ్ కార్డుల్లో ఈ తేడా రెండు వైపులా విడివిడిగా అచ్చై ఉంటుంది. రెండూ చదవకుండా లైనప్ రాయొద్దు. 1982లో బాల్టిమోర్ మేనేజర్ ఎర్ల్ వీవర్ లెఫ్ట్ ఫీల్డ్‌లో ఎడమచేతి జాన్ లోవెన్‌స్టీన్‌ను, కుడిచేతి గ్యారీ రోనికీని పిచర్‌ను బట్టి మార్చి ఆడించాడు. ఆ ఏడాది లోవెన్‌స్టీన్ 24 హోమ్ రన్స్, రోనికీ 21. ఇలాంటి జంట డ్రాఫ్ట్‌లో చవకగా దొరుకుతుంది, ఎందుకంటే విడిగా చూస్తే ఇద్దరిలో ఎవరూ స్టార్ కాదు.

ఆట మధ్యలో తరచూ వినపడే మాట ఒకటుంది: 'అన్నా, ఒకటో బేస్ మీద మనోడున్నడు, బంట్ కొట్టి ముందుకు జరుపుదామా?' (బంట్ అంటే బంతిని మెల్లగా తాకించి, తాను అవుటైనా రన్నర్‌ను ఒక బేస్ ముందుకు పంపడం.) వద్దు. అవుట్‌లు లేకుండా ఫస్ట్ బేస్ మీద రన్నర్ ఉంటే మేజర్ లీగ్‌లో ఆ ఇన్నింగ్స్‌లో సగటున సుమారు 0.9 పరుగు వస్తుంది. ఒక అవుట్ ఇచ్చి అతన్ని సెకండ్ బేస్‌కు చేరిస్తే అది 0.7కు పడిపోతుంది. ఆఖరి ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు చాలన్నప్పుడు, దిగింది మీ తొమ్మిదో బ్యాటరైతే, అప్పుడు ఆలోచించండి.

ఫీల్డింగ్ గురించి క్లుప్తంగా: షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్), సెకండ్ బేస్ దగ్గరికి బంతులు ఎక్కువ వెళ్తాయి. అక్కడ మంచి ఫీల్డర్ కోసం కొంచెం బ్యాటింగ్ వదులుకున్నా ఫర్వాలేదు. లెఫ్ట్ ఫీల్డ్, ఫస్ట్ బేస్‌లలో వదులుకోవద్దు.

రెండు మ్యాచ్‌ల్లో కొట్టలేదని టెన్షన్ పడి వరుస మార్చకండి. వేసే పాచికల్లో తెల్లది 1, 2, 3 పడితే ఫలితం బ్యాటర్ కార్డులోంచి వస్తుంది. 4, 5, 6 పడితే పిచర్ కార్డులోంచి. అంటే దిగిన ప్రతిసారీ సగం అవకాశం అతని చేతిలోనే లేదు. కార్డుకు ఫామ్ పోవడం ఉండదు, దాని మీద అచ్చైన అంకెలు ఏప్రిల్‌లో ఎలా ఉన్నాయో సెప్టెంబర్‌లోనూ అలాగే ఉంటాయి.

అభ్యాసం. ముగ్గురు బ్యాటర్లున్నారనుకోండి. మొదటివాడు: యావరేజ్ 0.300, ఆన్‌బేస్ 0.325, స్లగ్గింగ్ 0.420, మంచి వేగం. రెండోవాడు: 0.255, 0.385, 0.390, నెమ్మది. మూడోవాడు: 0.280, 0.370, 0.540. ఒకటి, రెండు స్థానాలు ఎవరికి?

నా జవాబు: ఒకటిలో రెండోవాడు, రెండులో మూడోవాడు, వేగమున్నవాడు ఆరులో. ఒకటో నంబర్‌కు మన సీజన్‌లో సుమారు 250 ఛాన్స్‌లు వస్తాయి. 0.385కూ 0.325కూ తేడా 0.060. గుణిస్తే 15 అవుట్‌లు, అంటే ఐదు పూర్తి ఇన్నింగ్స్ బ్యాటింగ్.

ఇప్పుడు మీ సొంత కార్డులతో ఇదే లెక్క చేయండి. రెండు లైనప్‌లు రాయండి, ఒకటి కుడిచేతి పిచర్ వచ్చిన రోజుకు, రెండోది ఎడమచేతి పిచర్ వచ్చిన రోజుకు. ఒక్కో పేరు పక్కన ఆ వైపు ఆన్‌బేస్, స్లగ్గింగ్ వేయండి. రెండు కాగితాలూ ఒకేలా వస్తే బెంచ్ మీదున్న కార్డులు ఇంకోసారి తిరగేయండి. వచ్చే పాఠంలో బుల్‌పెన్ (ఆట మధ్యలో మార్చి దింపే పిచర్లు): ఏడో ఇన్నింగ్స్‌లో అలసిన పిచర్‌ను ఎప్పుడు తీయాలి, ఎవరిని దింపాలి. దానికి ఈ రెండు కాగితాలూ దగ్గర పెట్టుకోండి.