కడప నుంచి తలకోనకు కుటుంబంతో కారు ప్రయాణం: పొద్దు వాలకముందే ఘాట్ దిగే లెక్క

కడపలో ఉండే కుటుంబానికి ఒకే రోజులో వెళ్లి రాగలిగేంత దగ్గరలో ఒక జాతీయ ఉద్యానవనం ఉంది. శేషాచలం కొండల్లో సుమారు 353 చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనానికి 1989లో ఆ హోదా లభించింది. 2010లో శేషాచలం కొండలను బయోస్ఫియర్ రిజర్వుగా, అంటే జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. మన వైపు నుంచి ఆ అడవిలోకి వెళ్లడానికి అనువైన వాకిలి తలకోన. గువ్వలచెరువు ఘాట్ ఎక్కి, రాయచోటి, పీలేరు మీదుగా భాకరాపేట చేరి, అక్కడి నుంచి నెరబైలు దారి పట్టాలి. పోను సుమారు 150 కిలోమీటర్లు, రాను మరో 150.

ఈ ప్రయాణానికి వేళలను బయలుదేరే గడియ నుంచి కాక, తిరిగి వచ్చే గడియ నుంచి వెనక్కి లెక్క కట్టుకోవాలి. మేము మొదటిసారి వెళ్లినప్పుడు ఆ పని చేయలేదు. పిల్లలు నీళ్లను వదిలి రామంటే సరేనని నాలుగు గంటల దాకా తలకోన జలపాతం దగ్గరే ఉండిపోయాము. గువ్వలచెరువు ఘాట్‌కు వచ్చేసరికి బాగా చీకటి పడింది. ఎదురు లారీల వెలుతురు కళ్లలో పడి మలుపు ఎక్కడ మొదలవుతోందో కనిపించలేదు, సగం దిగేసరికి బ్రేకులు కాలిన వాసన కారు లోపలికి వచ్చింది. మా అమ్మ వెనక సీట్లో పిల్లలిద్దరినీ ఒడిసి పట్టుకుని, ఊరి దీపాలు కనిపించేదాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అప్పటి నుంచి నేను లెక్క ఇలా వేస్తున్నాను. డిసెంబరులో మన వైపు పొద్దు ఐదు ముక్కాలు ప్రాంతంలో గుంకుతుంది కాబట్టి ఐదింటికల్లా ఘాట్ దగ్గర ఉండాలి. అందుకు, దారిలో ఒకసారి ఆగే వీలు కూడా ఉంచుకుని, తలకోనలో ఒకటిన్నరకే కారు ఎక్కాలి. అక్కడ నాలుగు గంటలు గడపాలంటే తొమ్మిదిన్నరకు చేరాలి. అంటే ఇంట్లో ఆరు గంటలకు బయలుదేరాలి. తెల్లవారుజామున నాలుగింటికే కదిలితే ఇంకా మేలు కదా అని చాలామంది అంటారు. ఆ వేళకు బయలుదేరితే ఘాట్‌ను చీకట్లోనే, రాత్రంతా నిద్ర లేకుండా బండి నడిపిన డ్రైవర్ల మధ్య ఎక్కవలసి వస్తుంది కనుక నేను దానికి ఒప్పుకోను. నాలుగు గంటలు చాలవనుకునేవారు, ముఖ్యంగా పెద్దవాళ్లను తీసుకుపోయేవారు, తలకోనలో ముందుగానే గది మాట్లాడుకుని రాత్రికి అక్కడే ఉండడం మంచిది.

కాలం విషయానికి వస్తే, అక్టోబరు నుంచి జనవరి వరకు అనుకూలం. ఈశాన్య రుతుపవనాల వానలకు కొండ వాగులు నిండుతాయి, ఎండ కూడా బాధించదు. అయితే అల్పపీడనం, తుపాను అన్న మాట వినిపించిన వారంలో ప్రయాణం మానుకోవాలి, ఎందుకంటే వాన ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో జలపాతం దగ్గరికి ఎవరినీ పోనివ్వరు. కార్తిక సోమవారాలు, మహాశివరాత్రి రోజుల్లో తలకోనలోని సిద్ధేశ్వరస్వామి గుడికి భక్తులు పెద్ద సంఖ్యలో వస్తారు. అడవిని చూడాలనుకునేవారికి మామూలు పనిదినమే మేలు.

కారును రెండు రోజుల ముందే చూపించుకోవాలి. టైర్ల అరుగుదల, స్టెప్నీలో గాలి, కూలెంట్, వైపర్లు, హారన్ సరిచూడాలి. అన్నిటికంటే ముఖ్యమైనది బ్రేకు ఆయిల్. అది గాలిలోని తేమను నెమ్మదిగా పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ తక్కువ వేడికే మరుగుతుంది. మరిగితే అందులో బుడగలు పుట్టి, పెడల్ ఎంత తొక్కినా లోపలికి పోతుందే తప్ప చక్రం ఆగదు. ఊళ్లో తిరిగేటప్పుడు ఈ లోపం బయటపడదు, ఘాట్ దిగేటప్పుడే బయటపడుతుంది. మార్చి రెండేళ్లు దాటిందంటే కొత్త ఆయిల్ పోయించాలి.

కడప నుంచి వెళ్లేటప్పుడు గువ్వలచెరువు ఘాట్ ఎక్కుడు, వచ్చేటప్పుడు దిగుడు. పాలకొండలను దాటే ఈ దారి కర్నూలు నుంచి చిత్తూరు వైపు పోయే 40వ నంబరు జాతీయ రహదారిలో భాగం కాబట్టి బరువు లారీలు, కంటైనర్లు ఎడతెగకుండా నడుస్తాయి. ఎక్కేటప్పుడు లారీ వెనక పడితే ఓపిక పట్టడమే మార్గం. మలుపులో దాటిపోవాలని చూడడం ప్రాణాలతో పందెం. ముందున్న లారీ ఎక్కలేక ఒక్కోసారి వెనక్కి జారుతుంది కనుక దానికి అంటుకుని నడపకుండా రెండు కారుల దూరం వదలాలి. దిగేటప్పుడు, అదే వాలును ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల సూత్రం అక్షరాలా పాటించదగినది. రెండో గేరులోనో మూడో గేరులోనో ఉంచితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మీద భారం తగ్గుతుంది. బ్రేకును అదిమిపట్టి ఉంచకుండా, మలుపుకు ముందు గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదిలేయాలి. అప్పుడు మధ్యలో అది చల్లబడుతుంది. డీజిల్ కలిసి వస్తుందని న్యూట్రల్‌లో దించడం, ఇంజను ఆపి దించడం ఎంతమాత్రం కూడదు. ఇంజను ఆగితే బ్రేకుకు, స్టీరింగుకు అందే సాయం కూడా ఆగిపోతుంది. ఆటోమేటిక్ కారు నడిపేవారు కింది గేరులో నిలిపే పద్ధతి ఏదో బయలుదేరకముందే నేర్చుకోవాలి. ఇరుకు చోట ఎదురుపడితే ఎక్కే బండికే దారి ఇవ్వాలన్నది నిబంధన. కాలిన వాసన వస్తే వెడల్పైన చోట ఆపి, అరగంట సేపు చల్లారనివ్వాలి. చక్రాల మీద నీళ్లు చల్లకూడదు.

పిల్లలకు వాంతులు ఎక్కువగా ఈ మలుపుల్లోనే అవుతాయి. కన్ను కారు లోపలి వస్తువులను చూస్తూ ఉంటే, లోచెవి మాత్రం కదలికను గుర్తిస్తుంది. ఆ రెండింటికీ పొంతన కుదరక కడుపు తిప్పుతుంది. కనుక ఘాట్ అయ్యేదాకా చేతికి ఫోను ఇవ్వకుండా, దూరంగా కొండ అంచును చూడమని చెప్పాలి, అద్దం కొంచెం దించాలి. బయలుదేరే ముందు కారం దోసె, ఉగ్గాని బజ్జి వంటివి వద్దు. రెండు ఇడ్లీలు తినిపించి, మిగతా టిఫిన్ రాయచోటిలో పెట్టుకుంటే సరిపోతుంది. మధ్యాహ్నానికి చిత్రాన్నం, పెరుగన్నం, బొరుగులు స్టీలు డబ్బాల్లో తీసుకుపోవడం నాకు నచ్చిన పద్ధతి. విస్తరాకులు కూడా పెట్టుకుంటే అడవిలో ప్లాస్టిక్ వదలవలసిన అవసరమే రాదు.

రాయచోటి నుంచి పీలేరు దాకా దారి తేలిక. పీలేరులో ట్యాంకు నింపించుకుని, నగదు కొంత చేతిలో ఉంచుకుని, మ్యాపును ఫోనులో భద్రపరచుకోవాలి, ఎందుకంటే అడవి దగ్గర పడేకొద్దీ సిగ్నల్‌ను నమ్మలేము. భాకరాపేట దాటాక రోడ్డు సన్నబడుతుంది, పశువులు అడ్డం వస్తాయి. అక్కడ వేగం అక్కరలేదు.

చెక్‌పోస్టులో టికెట్టు తీసుకున్న క్షణం నుంచి మనం అతిథులమన్న సంగతిని పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి. ఇక్కడ చిరుతలు, ఎలుగుబంట్లు, రేచుకుక్కలు, దుప్పులు, కణుజులు ఉన్నాయి. రాత్రి మాత్రమే తిరిగే దేవాంగపిల్లి ఉంది. ఇవన్నీ కనిపిస్తాయని ఆశ పెట్టి పిల్లలను తీసుకుపోవద్దు. కనిపించేవి కోతులు, పక్షులు, తాళ్లలా పెనవేసుకుని చెట్టు నుంచి చెట్టుకు పాకే గిల్లతీగ. ఆ తీగ కాయ మూర పొడవును మించి పెరుగుతుంది. నా మటుకు నాకు జలపాతం తర్వాత తలకోనలో చూడదగినది అదే. కోతుల ముందు తినుబండారం చేత పట్టుకోకూడదు, వాటికి విసరనూ కూడదు. మరో హెచ్చరిక: ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. కింద పడి ఉన్న తునకే కదా అని పిల్లవాడు జేబులో వేసుకున్నా అది నేరమే, కాబట్టి తిరిగి బయలుదేరే ముందు సంచులు ఒకసారి చూసుకోవాలి.

ఏనుగుల సంగతి వేరుగా చెప్పాలి. తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి 1980లలో చిత్తూరు ప్రాంతానికి రావడం మొదలుపెట్టిన ఏనుగులు ఇప్పుడు శేషాచలం అడవుల్లో కూడా తిరుగుతున్నాయి. 2025 ఫిబ్రవరిలో మహాశివరాత్రికి ఓబులవారిపల్లె వైపు నుంచి అడవి దారిన తలకోనకు నడిచి పోతున్న భక్తులు ఏనుగుల దాడిలో ప్రాణాలు కోల్పోయారు. అనుమతించిన దారిని వదిలి ఒక్క అడుగు వేయకపోవడం, ఏనుగులు తిరుగుతున్నాయా అని చెక్‌పోస్టులో అడిగి తెలుసుకోవడం, రోడ్డు మీద కనిపిస్తే హారన్ కొట్టకుండా కారును నెమ్మదిగా వెనక్కి తీయడం, ఈ మూడూ పాటించాలి.

జలపాతం సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది. కారు ఆపిన చోటి నుంచి కొంత దూరం రాళ్ల మెట్ల దారిలో నడవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను బలవంతపెట్టకుండా గుడి దగ్గర చెట్ల నీడలో కూర్చోబెట్టి, వాళ్లకు తోడుగా ఒకరు ఉండాలి. నీళ్ల దగ్గర పాచి పట్టిన బండలు ఉంటాయి కనుక జారని చెప్పులు కావాలి. మడుగు అడుగున బండలు ఎక్కడున్నాయో పైకి తెలియదు. దూకడం, ఈదడం పూర్తిగా మానాలి, నిషేధించిన చోటికి పోనే పోకూడదు. మనం నిలబడ్డ చోట ఎండ కాస్తున్నా పైకొండ మీద వాన పడవచ్చు. నీటి రంగు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకువచ్చినా, చప్పుడు పెరిగినా, పిల్లలను తీసుకుని వెంటనే గట్టెక్కాలి. ఒకవేళ పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం చేయకుండా, కరిచిన కాలో చెయ్యో కదలనివ్వకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలి. 108కి ఫోను అందితే సరే, అందకపోతే సొంత కారులోనే పీలేరుకో తిరుపతికో కదలాలి.

ఒకటిన్నరకు ఎలాగైనా కారు ఎక్కాలి. ఇంత దూరం వచ్చాం కదా, భాకరాపేట ఘాట్ మీదుగా తిరుపతి వెళ్లి, రాజంపేట, ఒంటిమిట్ట చూసుకుంటూ ఇల్లు చేరుదామన్న ఆలోచన వస్తుంది. అది రెండు రోజుల ప్రయాణం, ఒక్క రోజులో ఇరికించవద్దు. గువ్వలచెరువులో పాలకోవా కోసం ఆగడం మాత్రం మంచిదే. దిగుడుకు ముందు డ్రైవరుకు పది నిమిషాల విశ్రాంతి దొరుకుతుంది, ఆ వ్యవధిలో చక్రాల చుట్టూ ఒకసారి తిరిగి చూసుకోవచ్చు. కోవా పొట్లాన్ని డిక్కీలో పెట్టి, ఘాట్ దిగి ఇంటికి చేరాకే విప్పాలి.