మన కాన్ఫరెన్స్ మనమే పెట్టుకుందాం, 4వ పాఠం: హాల్లో కుర్చీలతో భాగించకండి

వెబ్ డెవలపర్లు సొంతంగా కాన్ఫరెన్స్ పెట్టుకోవడం మీద ఈ పాఠాల్లో, ఈసారి టాక్స్ (స్టేజి మీద ఇచ్చే ప్రసంగాలు) ఎంచుకోవడం గురించి చెప్తానన్నాను కదా, అది వాయిదా. పోయిన పాఠంలో బడ్జెట్ షీట్ వేయమంటే మీలో చాలామంది ఒకటే పని చేశారు, మొత్తం ఖర్చు రాసి, హాల్లో ఎన్ని కుర్చీలుంటే దాంతో భాగించి, వచ్చింది టికెట్ రేటు అని పెట్టేశారు. తప్పు నాదే కూడా, హాల్ సామర్థ్యం రాయమని చెప్పి అది ఎందుకో చెప్పలేదు. ఇలాగే వదిలేసి ముందుకెళ్తే మీ జేబుకి చిల్లు పడుతుంది కాబట్టి మళ్ళీ అక్కడి నుంచే.

ఒక లెక్క చూడండి, కరెన్సీ మీ ఇష్టం. ఎంతమంది వచ్చినా మారని ఖర్చు 3,00,000: హాలు 1,20,000, సౌండూ ప్రొజెక్టరూ 50,000, వీడియో 80,000, స్పీకర్ల ప్రయాణాలు 50,000. తలకి అయ్యే ఖర్చు, అంటే భోజనం, టీ, బ్యాడ్జీ కలిపి 600. కుర్చీలు 200. మీ పద్ధతిలో 3,00,000ని 200తో భాగిస్తే 1,500, దానికి 600 కలిపి టికెట్ 2,100 వచ్చింది. సరే, 120 టికెట్లే అమ్ముడయ్యాయి అనుకోండి, మొదటిసారి పెట్టేవాళ్ళకి అది కూడా మంచి నంబరే, చేతికొచ్చేది 2,52,000. కానీ తినేవాళ్ళు 120 కాదు, స్పీకర్లు, వాలంటీర్లు ఇంకో 30 మంది ఉంటారు, వాళ్ళని ఎవరూ షీట్‌లో రాయలేదు, ఒక్కరు కూడా. 150 మందికి 90,000, మొత్తం ఖర్చు 3,90,000, లోటు 1,38,000. మీరు రాసిన షీట్ ప్రకారం మాత్రం అంతా సమంగా సరిపోయింది!

ఇప్పుడు తిరగేసి చేద్దాం. ముందు టికెట్ రేటు పెట్టండి. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు, చదువుకుంటున్నవాళ్ళు రెండోసారి ఆలోచించకుండా కొనేంత, మన లెక్కలో 1,000 అనుకుందాం. తలకి మిగిలేది 400, 120 మందికి 48,000, ఫ్రీగా వచ్చే 30 మంది తిండికి 18,000 తీసేస్తే 30,000. అంతే. ఆ 30 కుర్చీలు పోను హాలు నిండిపోయి 170 టికెట్లు అమ్మినా మిగిలేది 50,000. అంటే కిందామీదా పడి ఇంకో 50 టికెట్లు అమ్మితే వచ్చేది 20,000, అదే హాలు ఫ్రీగా దొరికితే ఒక్క దెబ్బకి 1,20,000. చవక టికెట్ పెట్టాలనుకున్నవాడు ప్రచారం మీద కాదు, మారని ఖర్చు మీద పడాలి.

శని ఆదివారాల్లో ఖాళీగా ఉండే కాలేజీ ఆడిటోరియమో, ఆఫీసో అడగండి, చాలావాటికి మైకు, ప్రొజెక్టర్ దాంతోనే వస్తాయి. బ్రసెల్స్‌లో 2001 నుంచి జరుగుతున్న ఓపెన్ సోర్స్ డెవలపర్ల కాన్ఫరెన్స్ ఫోస్‌డెమ్ యూనివర్సిటీ క్యాంపస్‌లోనే జరుగుతుంది, టికెట్ లేదు, రిజిస్ట్రేషన్ కూడా లేదు. ముందుగా ప్రోగ్రాం వేసుకోకుండా జరిపే బార్‌క్యాంప్ అనే సమావేశాల్లో మొదటిది 2005 ఆగస్టులో అమెరికాలోని పాలో ఆల్టోలో ఒక కంపెనీ ఆఫీసులో జరిగింది, వారం లోపే ఏర్పాటు చేసేశారు, వచ్చినవాళ్ళే టాక్స్ ఇచ్చుకున్నారు. ఫ్రీ పాసుల బెడద ఎక్కువైతే అమెరికాలో జరిగే పైథాన్ ప్రోగ్రామర్ల కాన్ఫరెన్స్ పైకాన్ యూఎస్ ఏళ్ళ తరబడి నడిపిన పద్ధతి చూడండి, అక్కడ స్పీకర్లు, నిర్వాహకులు కూడా టికెట్ కొనాల్సి వచ్చేది, స్తోమత లేనివాళ్ళకి విడిగా ఆర్థిక సాయం ఉండేది. నాకైతే స్పీకర్‌తో టికెట్ కొనిపించడానికి మనసొప్పదు.

వీడియోకి మనుషుల్ని పెట్టకండి. లాప్‌టాప్‌లో ఓబీఎస్ అనే ఫ్రీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వేసి స్క్రీన్ రికార్డ్ చేసి, సౌండ్ మిక్సర్ నుంచి ఒక వైరు దాంట్లోకి లాగితే చాలు, ముఖం సరిగ్గా కనిపించకపోయినా చూస్తారు, మాట వినిపించకపోతే చూడరు. వైరుకీ మైకులకీ 10,000 వేసుకోండి. స్పీకర్ల ప్రయాణం డబ్బులు మాత్రం కోయొద్దు, అది కోస్తే కంపెనీ ఖర్చుతో వచ్చేవాళ్ళే మిగులుతారు, వాళ్ళు కంపెనీ సరుకే అమ్ముకుంటారు. హాలు, సౌండు ఫ్రీ అయితే ఇప్పుడు మారని ఖర్చు 60,000, టికెట్ల నుంచి 30,000, స్పాన్సర్ల నుంచి కావాల్సింది ఇంకో 30,000. ఇది అడిగి తెచ్చుకోగలిగిన నంబరు.

టీషర్టులు? వద్దు.

ఇక నాకు ఒళ్ళు మండే విషయం. షీట్‌లో "స్పాన్సర్: ఖాయం" అని రాశారు చూడండి, ఆ ఖాయం అంటే ఏంటి? ఫోన్లో "చేద్దాం" అన్నారా? మెయిల్ పెట్టారా? అకౌంట్లో పడిందా? ఈ మూడూ వేరు వేరు, మూడు కాలమ్స్ పెట్టండి, అడ్వాన్సులు కట్టేముందు మూడో కాలమ్ ఒక్కటే చూడండి. నాకు ఓసారి ఒక కంపెనీ మేనేజర్ నోటిమాట ఇచ్చాడు, నేను బ్యానర్ మీద లోగో కూడా వేయించేశా, ఈలోపు ఆయన టీమ్ మారిపోయాడు, కొత్తగా వచ్చినావిడకి నేనెవరో తెలీదు, ఆ డబ్బు నా జీతంలోంచి కట్టా. మెయిల్ వచ్చినా అంతే, ముందు వెండర్ రిజిస్ట్రేషన్ అంటారు, అంటే వాళ్ళు డబ్బు కట్టేవాళ్ళ జాబితాలో మీ పేరు ఎక్కించడం, తర్వాత పీవో (పర్చేజ్ ఆర్డర్), తర్వాత ఇన్‌వాయిస్, ఇన్‌వాయిస్ ఇచ్చాక నెలో రెండు నెలలో, ఈలోపు మీ కాన్ఫరెన్స్ అయిపోతుంది, భోజనాలవాడు మాత్రం ఆ సాయంత్రమే అడుగుతాడు. పైగా ఇన్‌వాయిస్ ఎవరి పేరు మీద ఇస్తారు? మీ సొంత అకౌంట్‌కి చాలా కంపెనీలు పంపవు, పంపినా అది మీ ఆదాయం కింద లెక్కకి వచ్చే ప్రమాదం ఉంది. రిజిస్టర్ అయిన సంస్థ ఏదైనా మీ తరఫున డబ్బు తీసుకుంటుందేమో ముందే కనుక్కోండి. నా అడ్డదారి ఏంటంటే అసలు డబ్బు అడగను, "భోజనాల బిల్లు మీ పేరు మీద వేయించి మీరే కట్టేయండి" అంటా. డబ్బు నా చేతుల మీదుగా పోదు, లెక్క చెప్పాల్సిన పనీ ఉండదు.

వెబ్‌సైట్, రిజిస్ట్రేషన్ పేజీ ఎలా చేయాలో వెబ్ డెవలపర్లకి నేను చెప్పేదేముంది.

ఈసారి పని కాస్త ఎక్కువే. అదే షీట్‌ని మూడుసార్లు వేయండి, హాల్లో 40 శాతం, 60 శాతం, 90 శాతం నిండితే ఎలా ఉంటుందో, మూడింట్లోనూ స్పాన్సర్ల డబ్బు సున్నా పెట్టి. 40 శాతం దగ్గర వచ్చిన లోటు పక్కన, అది ఎవరి జేబులోంచి వస్తుందో మనిషి పేరు రాయండి, ఆ మనిషికి చూపించి ఒప్పుకున్నాకే నాకు పంపండి. హాలు రేటు ఊహించి రాయడం కుదరదు, రెండు చోట్ల అడిగి రాతపూర్వకంగా తీసుకున్నదే వేయాలి, భోజనాలవాళ్ళని కూడా కనీసం ఎన్ని ప్లేట్లకి డబ్బు కట్టాలంటారో, ఆ సంఖ్య ఎన్ని రోజుల ముందు ఖాయం చేయమంటారో అడిగి పక్కన రాసుకోండి. టాక్స్ సంగతి ఈ షీట్లు చూశాక.